కాలు బెణికింది.. రేసుకు దిగాలా, వద్దా?

ఆదివారం పొద్దున ఏడింటికి వాట్సాప్‌లో ఓ వీడియో వచ్చింది. పంపింది మా చిన్నాయన కొడుకు. హనుమకొండలో వాళ్ల డాబా మీద, తొక్కుడుబిళ్ల ఆడినట్టు ఎడమ కాలి మీద గెంతుతూ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లాడు. వెనకాల ఆరేసిన బట్టలు. చివర్లో ఫోన్ దగ్గరికొచ్చి, "చూసినవా అన్నా, కాలు మంచిగైంది. ఇగ ఉరుకుడే" అన్నాడు.

రెండోసారి చూశాను. మూడోసారి సౌండ్ తీసేసి చూశాను. గెంతిన ప్రతిసారీ పాదం కాస్త పక్కకు ఒరుగుతోంది. నాలుగో గెంతుకు తీగ మీదున్న లుంగీ పట్టుకున్నాడు.

రేసుకు ఇంకా మూడు వారాలుంది.

అది మామూలు పరుగు పందెం కాదు. హైదరాబాద్ శివార్లలో బురద, గోడలు, తాళ్లు దాటుకుంటూ ఉరికే ఆబ్‌స్టకిల్ రేస్. ఐదుగురి టీమ్. వాడు, వాడి ముగ్గురు ఫ్రెండ్స్, నేను. ఎంట్రీ ఫీజు ఐదుగురికీ నేనే కట్టాను. 'బర్త్‌డే గిఫ్ట్ రా' అని గొప్పగా చెప్పాను కూడా. సరిగ్గా 20 రోజుల తర్వాత, రాత్రి పదకొండు దాటాక బాక్స్ క్రికెట్‌లో రెండో పరుగుకు వెనక్కి తిరుగుతుంటే వాడి ఎడమ చీలమండ లోపలికి మడత పడింది. 'టక్' అని సౌండ్ వచ్చిందట. వాడే చెప్పాడు, అదేదో సిక్స్ కొట్టినట్టు.

ఆ రాత్రికి, ఈ వీడియోకి మధ్య మరో 20 రోజులు. ఇప్పుడు వాడి ప్రశ్న ఒక్కటే: "దిగమంటవా, వద్దంటవా?"

నాకు జవాబు తెలియదు. తెలిసినవాళ్లను అడిగాను, చదివాను, వాణ్ని వెంటేసుకుని తిరిగాను. మీలో ఎవరికైనా మోకాలో, భుజమో, నడుమో నొప్పి పెడుతుండగా ఫోన్‌లో రేసు టికెట్ మెరుస్తుంటే.. ఇది మీకోసం కూడా.

ఇంతకీ ఆ రేసులో ఏముంటుంది?

ఈ తరహా రేసుల్లో పెద్ద పేర్లు స్పార్టన్ రేస్, టఫ్ మడర్. రెండూ 2010లో అమెరికాలో మొదలయ్యాయి. స్పార్టన్‌లో చిన్న రేసు 5 కిలోమీటర్లు, 20 అడ్డంకులు. 'బీస్ట్' అనేది 21 కిలోమీటర్లు, 30 అడ్డంకులు. మన దేశంలో డెవిల్స్ సర్క్యూట్ పేరు చాలామంది వినే ఉంటారు. 5 కిలోమీటర్లు, 15 అడ్డంకులు. హైదరాబాద్‌లోనూ జరిగింది. మేం ఎంచుకున్నది అలాంటిదే.

ఇలాంటివి చూస్తే ఇళ్లలో పెద్దవాళ్లు 'ప్రాణాల మీదికి తెచ్చుకోవడం' అంటారు. నిజానికి అంత లేదు. 2013 జూన్‌లో పెన్సిల్వేనియాలో జరిగిన ఓ టఫ్ మడర్ గురించి అక్కడి ఎమర్జెన్సీ డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు. రెండు రోజుల్లో దాదాపు 22 వేల మంది పాల్గొంటే ఎమర్జెన్సీ వార్డు దాకా వచ్చిన కేసులు 38. వాటిలో కొన్ని తీవ్రమైనవే. కానీ అత్యధికులు బురద కడుక్కుని ఇంటికే వెళ్లారు.

కాబట్టి 'రేసు ప్రమాదమా?' అని అడిగితే ఉపయోగం లేదు. ఈ రేసు 'ఈ కాలికి' ప్రమాదమా అన్నదే అసలు సంగతి.

నొప్పి పోయింది.. గాయం?

కాలు బెణికిన రాత్రి చిన్నమ్మ పసుపు, సున్నం కలిపి పట్టు వేసింది. తెల్లారి డాక్టర్ దగ్గరికి వెళ్లారు. వాడు కుంటుతూ నడుస్తున్నాడు గానీ, చీలమండ ఎముక వెనక అంచున నొక్కితే ఎగిరిపడ్డాడు. ఎక్స్‌రే రాశారు. బెణుకుల్లో ఎవరికి ఎక్స్‌రే అవసరమో తేల్చేందుకు డాక్టర్లకు 'ఒట్టావా నియమాలు' అని ఉన్నాయి. 1992లో కెనడాలో తయారయ్యాయి. దెబ్బ తగిలినప్పుడూ, ఆసుపత్రికి వచ్చాకా నాలుగడుగులు కూడా వేయలేకపోతున్నారా? ఎముక మీద ఫలానా చోట నొక్కితే నొప్పి ఉందా? ఇవే అందులో ముఖ్యం. అంత సింపుల్. 'నడుస్తున్నాడు కదా, విరగలేదులే' అని ఇంట్లోనే తేల్చేసేవాళ్లు ఆ రెండో ప్రశ్నను మర్చిపోతారు.

ఎముక విరగలేదు. బయటి వైపు లిగమెంట్ కొంత చిరిగింది. చీలమండ బయటి పక్కన మూడు లిగమెంట్లుంటాయి. పాదం లోపలికి మడత పడితే అందరికంటే ముందు దెబ్బ తినేది వాటిలో ముందరిది.

రెండు వారాల్లో వాపు దిగింది. ఆ క్రెడిట్ పసుపుదా, బ్యాండేజీదా అన్న చర్చ వాళ్లింట్లో ఇంకా నడుస్తోంది. మూడో వారానికి నొప్పి దాదాపు లేదు. మనవాళ్లలో చాలామంది ఇక్కడే 'తగ్గిపోయింది' అనేస్తారు.

హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఫిజియోథెరపిస్ట్ ఒకావిడ ఉన్నారు. ఆవిడకు ఆ వీడియో చూపించాను. "మీ తమ్ముడు చూపిస్తున్నది నొప్పి లేదని. నాక్కనిపిస్తున్నది ఆ కాలికి ఇంకా చీకటిగా ఉందని" అన్నారు. అర్థం కాలేదన్నాను. లిగమెంట్ అంటే ఎముకల్ని కట్టి ఉంచే తాడు మాత్రమే కాదట. పాదం ఏ కోణంలో ఉందో క్షణక్షణం మెదడుకు చెప్పే నరాల కొసలు అందులో ఉంటాయి. రాయి మీద అడుగు పడగానే మనం ఆలోచించకుండానే కాలు సర్దుకుంటుంది చూడండి, అది ఆ నరాల పనే. లిగమెంట్ చిరిగితే ఆ కబురు ఆలస్యమవుతుంది. నొప్పి ముందు పోతుంది, ఆ చురుకుదనం తర్వాతెప్పుడో వస్తుంది. దాన్ని కసరత్తుతో రప్పించుకోవాలి. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ బెణకడానికి పెద్ద కారణం ఇదే.

తడి బురదలో, రాళ్ల మీద, అలసిపోయిన నాలుగో కిలోమీటర్లో కావాల్సింది సరిగ్గా ఆ చురుకుదనమే.

'సింధు ఆడలేదా?'

ఇదంతా చెబితే వాడు ఒప్పుకుంటాడా? "సింధు గట్లనే ఆడలేదా? గోల్డ్ కొట్టలేదా?" అన్నాడు.

ఆడింది. కొట్టింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో క్వార్టర్‌ఫైనల్ నాటికే ఎడమ చీలమండ నొప్పి మొదలైంది. అలాగే సెమీస్ ఆడింది. ఆగస్టు 8న ఫైనల్లో కాలికి పట్టీతో దిగి కెనడా అమ్మాయి మిషెల్ లీని 21-15, 21-13తో ఓడించింది. మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఆ తర్వాతి భాగం ఎవరూ స్టేటస్ పెట్టుకోలేదు. ఆ చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. అదే నెలలో టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వెళ్లలేకపోయింది. మళ్లీ కోర్టులో కనిపించింది 2023 జనవరిలో.

ఆమె చేసింది తప్పని అనను. ఆ గేమ్స్ సింగిల్స్ గోల్డ్ ఆమెకు అప్పటిదాకా లేదు. అది ఆమె వృత్తి. పక్కన నిపుణులున్నారు. దాని ఖరీదు నెలల విశ్రాంతి అయింది, చెల్లించింది. మనం ఆ బిల్లు చూడకుండా మెడల్ ఒక్కటే చూస్తున్నాం.

నీరజ్ చోప్రా కథ నాకు ఇంకా ఇష్టం. ఒకే మనిషి, రెండు గాయాలు, రెండు నిర్ణయాలు. 2022 జూలైలో యూజీన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ రజతం గెలిచేటప్పుడు గజ్జల దగ్గర కండరం పట్టేసింది. నెల రోజులు విశ్రాంతి అన్నారు. కామన్వెల్త్‌లో డిఫెండింగ్ చాంపియన్ అయ్యుండీ తప్పుకున్నాడు. ఆగస్టు 26న లుసాన్‌లో 89.08 మీటర్లు విసిరాడు. సెప్టెంబర్‌లో జ్యూరిచ్‌లో డైమండ్ లీగ్ ట్రోఫీ గెలిచిన తొలి భారతీయుడయ్యాడు.

రెండేళ్ల తర్వాత, 2024 సెప్టెంబర్‌లో బ్రసెల్స్ డైమండ్ లీగ్ ఫైనల్‌కు ముందు ప్రాక్టీస్‌లో ఎడమ చేతి ఎముక చిట్లింది. ఎక్స్‌రేలో కనబడింది. అయినా దిగాడు. 87.86 మీటర్లు విసిరి ఒక్క సెంటీమీటర్ తేడాతో రెండో స్థానంలో నిలిచాడు.

కండరం పట్టేస్తే మానుకున్నవాడు, ఎముక చిట్లితే ఎలా దిగాడు? అతను జావెలిన్ విసిరేది కుడి చేత్తో. గజ్జల్లో గాయమంటే ప్రతి త్రోలోనూ బరువంతా పడే చోటు. గాయం పెద్దదా చిన్నదా అన్నది ఒక్కటే కాదు, ఆట ఆ గాయం మీదుగా వెళ్తుందా లేదా అన్నది చూడాలి.

ఈ మాట చెప్పాక మా వాడు కాసేపు గమ్మున ఉన్నాడు. తర్వాత, "మరి మన రేసు నా కాలి మీంచి పోతదా?" అన్నాడు.

కాగితం మీద రేసు

నిర్వాహకులు పంపిన కోర్సు మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాం. 15 అడ్డంకుల్లో కాలు మీద దూకాల్సినవి ఎన్ని? ఎనిమిదడుగుల గోడ, ఏటవాలు గోడ, వల ఎక్కి దిగడం, టైర్ల గుట్ట, రెండు బురద కందకాలు. ఆరు. చేతుల మీద ఆధారపడినవి నాలుగు. కానీ మంకీ బార్స్‌లో చెయ్యి జారితే పడేది కాళ్ల మీదే, అదీ నీళ్లలోకి. అడుగు ఎంత లోతుందో తెలియదు. ముళ్లతీగ కింద పాకడం, మంచు నీళ్లలో మునగడం వాడి కాలికి పెద్ద లెక్క కాదు.

"ఆరు గదా, స్కిప్ కొడత" అన్నాడు. సరదా కోసం ఉరికే కేటగిరీల్లో చేయలేని అడ్డంకి పక్కనుంచి పోనిస్తారు, కొన్ని రేసుల్లో బదులుగా బర్పీలు తీయిస్తారు. వాడి ఐడియా తప్పు కాదు. కానీ అడ్డంకుల మధ్యలో ఉన్న దారి సంగతేంటి? దున్నిన పొలంలాంటి నేల, ముందు పోయినవాళ్లు తొక్కి తొక్కి చేసిన గుంటలు. దాన్ని స్కిప్ కొట్టలేం.

మీ గాయం వేరేదైతే లెక్క మారుతుంది. భుజం ఒకసారి జారినవాళ్లకు ఈ బురద దారి పర్లేదు, మంకీ బార్స్, తాడు ఎక్కడమే గండం. మోకాలి ఏసీఎల్ సర్జరీ అయినవాళ్ల మీద నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. సర్జరీ తర్వాత తొమ్మిది నెలల దాకా, ఆటలోకి తిరిగి రావడాన్ని ఆలస్యం చేసిన ఒక్కో నెలకూ మళ్లీ మోకాలు దెబ్బతినే రేటు 51 శాతం తగ్గిందట. నడుం నొప్పితో పాటు కాల్లోకి తిమ్మిరి దిగుతుంటే రేసు సంగతి పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వెళ్లినప్పుడు 'రేసుకు పోవచ్చా సార్?' అని అడక్కండి. ఆయనకు రేసంటే నెక్లెస్ రోడ్డు మీద 5కే రన్ గుర్తొస్తుంది. 'ఎనిమిదడుగుల గోడ మీంచి తడి మట్టిలోకి దిగొచ్చా?' అని అడగండి. జవాబే మారిపోతుంది.

'అక్కడికెళ్లి చూద్దాం' అనే ఉచ్చు

మా టీమ్‌లో ఒకడు మంచి సలహా అనుకుని ఇచ్చాడు. "ముందు స్టార్ట్ లైన్ దాకా రా మామా. నొప్పయితే ఆగిపో."

వినడానికి బాగుంది. కానీ స్టార్ట్ లైన్ దగ్గర డీజే ఉంటుంది, వెయ్యి మంది అరుస్తుంటారు, ఒళ్లంతా అడ్రినలిన్. ఆ నిమిషంలో విరిగిన కాలు కూడా బాగానే ఉన్నట్టుంటుంది. ఆగిపోవడమన్నది కూడా మూడో కిలోమీటర్లో, వెనక ఫ్రెండ్స్ తోస్తుండగా జరిగే పని కాదు. నిర్ణయం ఇంట్లో, ఫ్యాన్ కింద కూర్చుని తీసుకోవాలి.

ఇంకొకడి సలహా: "పొద్దున్నే ఒక పెయిన్ కిల్లర్ వేసుకో." ఇది మాత్రం అసలు వద్దు. గోళీ కాలును బాగు చేయదు, కాలు చెప్పే మాట మనకు వినపడకుండా చేస్తుంది. పైగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుని ఎండలో నీళ్లు తక్కువై గంటలు ఉరికితే కిడ్నీల మీద భారం పడుతుంది. టేప్, బ్రేస్ సంగతి వేరు. బెణికిన చీలమండకు బ్రేస్ నిజంగానే రక్షణ, మామూలు ఆటల్లో. బురద నీళ్లలో టేప్ ఎంతసేపు అంటుకుని ఉంటుందో మీరే ఊహించండి.

ఇక డబ్బులు. మా వాడు పైకి అనలేదు గానీ, 'అన్న కట్టిండు' అన్నది వాడి మనసులో ఉంది. కట్టింది ఎలాగూ పోయింది, కాలు కూడా పోగొట్టుకుంటే తిరిగొస్తుందా? అయినా రీఫండ్ ఇవ్వని రేసులు కూడా పేరు మార్చుకోనివ్వడమో, తర్వాతి రేసుకు జరపడమో చేస్తుంటాయి. ఫోన్ చేసి అడిగితే పోయేదేం లేదు.

ఒంటికాలి లెక్క

రేసుకు రెండు వారాల ముందు వాణ్ని హైదరాబాద్ రప్పించి ఫిజియో దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ గంటసేపు పరీక్షించారు. పెద్ద మిషన్లేం లేవు, ఇంట్లోనూ చూసుకోవచ్చు.

గోడను వేళ్లతో పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తడం, దించడం. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు 25 దాకా చేస్తారని లెక్క. వాడి కుడి కాలు 26. ఎడమ కాలు 13 దగ్గర వణకడం మొదలైంది. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడితే కుడి అర నిమిషం, ఎడమ ఎనిమిది సెకన్లు. గోడకెదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించాలి. కుడి పాదం గోడకు 11 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా తాకింది, ఎడమది 7 దాటితే మడమ లేచింది. ఇక తొక్కుడుబిళ్ల. ఒంటికాలి మీద వరసగా మూడు గెంతులు, దూరం కొలిచారు. ఎడమ కాలు కుడి కాలితో పోలిస్తే 78 శాతం. కనీసం 90 ఉంటే ఆటలోకి పంపడం గురించి మాట్లాడతామన్నారు.

టేపు చుట్టేస్తూ ఆవిడ మామూలుగా అడిగారు. "రేసు సరే. ఆ తర్వాత ఆర్నెల్లలో ఈ కాలితో నీకేం పనుంది?"

వాడు నా వైపు చూశాడు. "కానిస్టేబుల్ ఈవెంట్స్, మేడమ్. నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తదో తెల్వదు."

నేను ఆ సంగతి మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను. 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. పోయినసారి ప్రిలిమ్స్ దాటి లాంగ్ జంప్‌లో ఆగిపోయాడు. రెండేళ్లుగా రోజూ పొద్దున ఐదింటికి గ్రౌండ్‌లో ఉంటున్నాడు. లాంగ్ జంప్‌కు బోర్డు మీద కొట్టి లేచేది ఏ కాలితో అని ఆవిడ అడిగారు. ఎడమ కాలితో.

బయటికొచ్చాక బండి దగ్గర వాడికి కోపమొచ్చింది. "గిదంతా తెల్సి నన్నెందుకు పిలిచినవ్ అన్నా రేసుకు?" నా దగ్గర జవాబు లేదు. 'ఫిట్‌గా ఉన్నావు కదరా' అనబోయి ఊరుకున్నాను. ఉప్పల్ దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. అక్కడ బస్సెక్కే ముందు, "దిగొద్దని నువ్వు మాత్రం చెప్పకు. నేనే జెప్త" అన్నాడు.

మూడు రోజుల తర్వాత టీమ్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాడు. 'నేను ఉరుకుత లేను. ఫొటోలు తీస్త.' కింద ఏడుపు ఎమోజీలు వచ్చాయి, రెండు బూతులు కూడా. నిర్వాహకులు పేరు మార్చడానికి ఒప్పుకుంటే వాడి జాగాలోకి వేరే ఫ్రెండ్ వచ్చాడు.

రేసు రోజు చీకటితోనే వచ్చాడు. ఐదుగురి బ్యాగులూ మోశాడు. నేను గోడ మీద కూర్చుని కిందికి చూస్తుంటే అవతలి నుంచి వాడి అరుపు. "దుంకకు అన్నా, చేతులతో వేలాడి దిగు!" వేలాడే దిగాను. పక్కన దూకిన కుర్రాడొకడు లేచి రెండడుగులు కుంటి, మళ్లీ పరుగెత్తాడు. వాడి కాలి సంగతి నాకు తెలియదు.

ఫినిష్ దగ్గర నా మెడల్ తీసి వాడి మెడలో వేయబోయాను. వెనక్కి జరిగాడు. "నాకెందుకే, బురద కూడా అంటలే" అన్నాడు. రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. చేసింది సరైన పనే అయినా మనసుకు నచ్చాలని లేదు కదా.

నోటిఫికేషన్ ఇంకా రాలేదు. పోయిన ఆదివారం మాత్రం పొద్దున ఏడింటికి మళ్లీ వీడియో వచ్చింది. అదే డాబా, అదే తీగ, ఒంటికాలి మీద మడమలు ఎత్తుతున్నాడు. కుడి 26. ఎడమ 24. కింద రాశాడు: 'రెండు తక్కువున్నయ్.'